హెలికాప్టర్ పక్కన రెండో నీడ

వైమానిక దళంలో నేను నడిపినవి హెలికాప్టర్లు. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దేశంలో చాలా చోట్ల ఎగిరాను గానీ, పుట్టిన నేల మీదుగా వెళ్ళే అవకాశం ఒక్కసారే వచ్చింది. అది ఫిబ్రవరి నెల. ఒక పాత హెలికాప్టర్‌ని పెద్ద మరమ్మతు కోసం తూర్పు తీరం నుంచి బెంగళూరు వైపు చేర్చాలి. లోపల సరుకు లేదు, జవాన్లు లేరు. ఉన్నది ముగ్గురమే. ఎడమ సీట్లో కెప్టెన్, కుడి సీట్లో కో-పైలట్‌గా నేను, మా ఇద్దరి మధ్య కాస్త వెనక్కి ఫ్లైట్ ఇంజనీర్.

కెప్టెన్ మరాఠీ ఆయన. పత్తి పండించే ఇంట్లో పుట్టినవాడు. సర్వీసు చివరికి వచ్చేసింది. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. ఏ మాటైనా ఒకసారి నోట్లో తిప్పుకుని గానీ బయటికి వదిలేవాడు కాదు. బయల్దేరే ముందు మ్యాపు మీద వేలు పెట్టి, "మీ ఊరు ఇక్కడెక్కడో అన్నావు కదూ?" అన్నాడు. మేం మాట్లాడుకునేది హిందీలో. నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

"వినుకొండకి ఇవతల సర్. సాగర్ కాలువ పక్కన."

"అయితే చూసుకుంటూ పోదువుగాని."

అమ్మకి ఫోన్ చేసి చెప్పలేదు. ఏ దారిన ఎగురుతున్నామో ఇంట్లో చెప్పే అలవాటు మాకు ఉండదు. కానీ ఆ పొద్దుట బూట్లు వేసుకుంటుంటే, అమ్మ ఇప్పుడు ఏ పొలంలో ఉంటుందా అని ఆలోచించిన సంగతి గుర్తుంది.

కృష్ణ మీద ఇంకా మంచు విడవలేదు. నది ఎక్కడుందో తెలియదు. ఆ తెల్లదనం అంచున తాడేపల్లి అపార్ట్‌మెంట్ల పై అంతస్తులు మాత్రం తేలుతున్నాయి. ఎడమచేతి వైపు మంగళగిరి కొండ, గాలిగోపురం కనిపించి వెనక్కి వెళ్ళిపోయాయి. తర్వాత గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల రేకుల కప్పులు. అవీ దాటాక మంచు పలచబడి, నేల బయటపడింది. చివరి తీత కూడా అయిపోయి మోళ్ళలా మిగిలిన పత్తి చేలు, అక్కడక్కడా ఇంకా పచ్చగా ఉన్న మిరప తోటలు, వాటి మధ్య ఎర్రటి కల్లాలు. కోసిన మిరపకాయల్ని నేల మీద పరిచి ఎండబెట్టే చోటుని మేం కల్లం అంటాం. చిన్నప్పుడు కల్లం నాకు ముక్కు మండే చోటు, కళ్ళు నులుముకునే చోటు. పైనుంచి చూస్తే ఘాటు లేదు, మంట లేదు. కుంకుమ భరిణెలు మూతలు తీసి పెట్టినట్టు, కనుచూపు మేరా ఎరుపు.

పొద్దు మా వెనక, ఎడమవైపు ఉంది. అందుకని మా నీడ కుడిచేతి వైపు, మాకంటే కాస్త ముందు, చేల మీద పరిగెడుతోంది. హెలికాప్టర్ నీడని చూస్తూ పోవడం నాకు మొదటి నుంచీ ఇష్టం. గట్లు వస్తే ఎక్కుతుంది, కాలువ వస్తే దిగుతుంది, చెట్టు వస్తే ఒక్క క్షణం మన దగ్గరకొచ్చి మళ్ళీ కిందికి జారిపోతుంది. అలా చూస్తుండగా, దాని పక్కన ఇంకొక నీడ కనిపించింది.

మబ్బు నీడ అనుకున్నాను. ఆకాశంలో మబ్బు లేదు. పెద్ద పక్షి అనుకున్నాను. కానీ అది మా నీడ ఎంత వేగంతో పోతోందో అంతే వేగంతో పోతోంది. కోలగా, నున్నగా ఉంది. రెక్కల గుర్తు లేదు. మా నీడ మీద రోటరు రెక్కలు తిరుగుతున్న రెపరెప ఉంది, దాని మీద ఏ కదలికా లేదు.

నీడ ఉందంటే దాని పైన ఏదో ఉండాలి కదా. తల తిప్పి కుడివైపు అద్దంలోంచి చూశాను.

ఉంది. మా ఎత్తులోనే, రోడ్డు మీద పక్క బస్సు ఉన్నంత సహజంగా ఉంది. అంత దగ్గర కాదు, కానీ దూరమూ కాదు. కోడిగుడ్డుని పక్కకి పడుకోబెట్టినట్టు ఉంది ఆకారం. చిన్న బస్సంత ఉండొచ్చు. బియ్యం కడిగిన నీళ్ళ రంగు. ఎండ దాని మీద పడుతోంది గానీ మెరుపు లేదు. తలుపు లేదు, కిటికీ లేదు, పొగ లేదు. చూసేకొద్దీ దాని అంచు ఎక్కడో తేల్చుకోలేకపోయాను.

భయం వేయలేదు. ఇది చాలామంది అడిగారు, అందుకే ముందే చెప్తున్నాను. జరిగింది ఇంకొకటి. హెలికాప్టర్ లోపల ఎంత మోతగా ఉంటుందో ఎక్కినవాళ్ళకి తెలుసు. హెడ్‌సెట్ పెట్టుకున్నా ఆ మోత ఎముకల్లోంచి వినిపిస్తుంది. ఆ క్షణంలో అది తగ్గింది. ఆగిపోలేదు, దూరం జరిగింది. మా ఇంట్లో పత్తి తీసిన రోజుల్లో నడిమింట్లో దూలాల దాకా దూది పోసేవాళ్ళు. నేను పైకెక్కి అందులోకి దిగబడిపోయి పడుకునేదాన్ని. వంటింట్లో అమ్మ గిన్నెలు తోముతున్నా, వీధిలో ట్రాక్టర్ పోతున్నా, అన్నీ ఏదో పక్క ఊళ్ళో జరుగుతున్నట్టు వినిపించేవి. అచ్చం అలాగే అయింది. కళ్ళు తెరుచుకుని ఉన్నాను, చేతులు పని చేస్తున్నాయి, కానీ ఎవరో నన్ను మెల్లగా దూదిలోకి దించినట్టుంది.

"సర్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కుడివైపు ఒకసారి చూడండి."

కెప్టెన్ ముందుకి వంగి చూశాడు. చూసి, మళ్ళీ నిటారుగా కూర్చుని, కాసేపు ముందుకే చూశాడు. మళ్ళీ వంగి చూశాడు.

"నీకేం కనబడుతోంది?"

"తెల్లగా, గుడ్డులా ఉంది సర్. మనతో పాటే వస్తోంది."

"సరే. నాకూ అదే కనబడుతోంది."

రేడియోలో అడిగాడు, మా పక్కన ఇంకేమైనా ఎగురుతోందా అని. అవతలి కుర్రగొంతు కాస్త ఆగి, ఆ ప్రాంతంలో మీరొక్కరే కనిపిస్తున్నారని చెప్పింది. కెప్టెన్ థాంక్స్ చెప్పాడు. వేగం తగ్గించాడు. అదీ తగ్గింది. ఎడమకి కాస్త తిప్పాడు. మాకూ దానికీ మధ్య ఎంత దూరం ఉందో అంతే ఉంచుకుని అదీ తిరిగింది. వెంటపడుతున్నట్టు అనిపించలేదు. దారి తెలిసినవాడు కొత్తవాడితో ఊరి చివర దాకా నడిచినట్టు ఉంది.

"తోడు వస్తోంది," అన్నాడు కెప్టెన్. ఆయన గొంతులో కూడా కంగారు లేదు.

ఇంజనీర్ ఒకసారి తలెత్తి కుడివైపు చూశాడు. వెంటనే దించుకుని గేజ్‌ల మీద చూపు పెట్టాడు. "ఆయిల్ ప్రెషర్ బాగుంది సర్, ఉష్ణోగ్రత బాగుంది," అన్నాడు. ఎవరూ అడగలేదు ఆయన్ని.

ముందు సాగర్ కాలువ వంపు వచ్చింది. వంపు దగ్గర పెద్ద కల్లం, ఒక పక్కగా నీలం రంగు పట్టా కప్పిన గుట్ట, పక్కన సిమెంటు నీళ్ళ తొట్టి. కల్లంలో ఆడవాళ్ళు పని చేస్తున్నారు. మా చప్పుడుకి లేచి నిలబడ్డారు. పైనుంచి చూస్తే ఎర్రటి నేల మీద రంగురంగుల చీరలు. ఒకావిడ కొంగు పట్టుకుని ఊపింది. మా నీడ ఆ ఎరుపు మీదుగా దాటిపోయింది. రెండో నీడ దాటలేదు. కల్లం మధ్యలో ఆగింది.

నేను మెడ వెనక్కి తిప్పి, ఎంత దూరం చూడగలనో అంత దూరం చూశాను. అది కల్లం దగ్గర గాలిలో నిలబడి ఉంది. ఎటూ ఎగిరిపోలేదు. నీళ్ళలో వేసిన ఉప్పు కనిపిస్తూ కనిపిస్తూ కనిపించకుండా పోతుందే, అలా పలచబడింది. తర్వాత అక్కడ ఆకాశం ఉంది. మోత మళ్ళీ ఎముకల్లోకి వచ్చింది.

మా ఊరు ఎప్పుడు దాటామో నేను చూడలేదు. ఆ సంగతి చాలాసేపటికి గానీ నాకు తట్టలేదు.

రాయలసీమలో ఒక చోట ఇంధనం కోసం దిగాం. రన్‌వే పక్కన చెట్టు నీడలో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకున్నాం. ఇంజనీర్ తిని, చేతులు కడుక్కుని, "నేను ఒక్కసారి చూశాను. రెండోసారి చూడదలుచుకోలేదు. అడిగితే ఇదే చెప్తాను," అని హెలికాప్టర్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

కెప్టెన్ పొట్లం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "పైవాళ్ళకి చెప్పాలంటావా, వద్దంటావా?" అని అడిగాడు.

"చెప్తే ఏమంటారు సర్?"

"నన్నేమీ అనరు. నేను వెళ్ళిపోయేవాణ్ణి. నీకు ఇంకా సర్వీసుంది. ఎక్కడికి పోయినా, గుడ్డుని చూసిన అమ్మాయి అంటారు."

అనడం వరకూ అయితే నాకు కొత్త కాదు. మా ఊళ్ళో నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడే ఇంతకంటే ఎక్కువ అన్నారు. అదీ గాక, దాన్ని చూడలేదని చెప్పడానికి నాకు మనసు రాలేదు. మాతో అంతసేపు మర్యాదగా వచ్చింది.

"చెబుదాం సర్."

"అయితే చూసినంతే చెబుదాం. అదేమిటో మనకి తెలియదని కూడా చెబుదాం."

అలాగే చెప్పాం. కొన్నాళ్ళకి ఒక పెద్ద అధికారి మమ్మల్ని విడివిడిగా పిలిచి అడిగారు. మంచాయన. నవ్వలేదు. వాతావరణ బెలూన్ అయ్యుండొచ్చా అన్నారు. అయ్యుండొచ్చు, కానీ బెలూన్ మాతో పాటు మలుపు తిరగదు కదా అన్నాను. అద్దం మీద ఎండ పడి ఏర్పడిన బింబం కావచ్చా అన్నారు. కావచ్చు, కానీ బింబానికి నేల మీద నీడ పడదు కదా అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత నన్ను కళ్ళ పరీక్షకి పంపారు. డాక్టరమ్మ అక్షరాలన్నీ చదివించి, రంగుల చుక్కలు చూపించి, "నీ కళ్ళకేం, నా కళ్ళకంటే బాగున్నాయి," అంది. వస్తువు ఏదో నిర్ధారణ కాలేదని తేల్చి, అక్కడితో వదిలేశారు. మోత తగ్గిన సంగతి మాత్రం నేను ఆయనకీ చెప్పలేదు, కెప్టెన్‌కీ చెప్పలేదు. దాన్ని ఎలా చెప్పాలో తెలియలేదు.

మార్చి చివర్లో సెలవు దొరికి ఇంటికొచ్చాను. అమ్మకి చెప్పాను. అమ్మ అప్పుడు పెరట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నాన్న రైతు అని అందరూ అంటారు గానీ, ఏ చేలో ఏం వేయాలో తేల్చేది అమ్మే. ఆవిడ గొంతు రెండు పొలాల అవతలికి వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం మధ్యలో ఒక్క మాటా మాట్లాడకుండా వింది.

"నిన్నేమైనా చేసిందా అది?"

"లేదమ్మా."

"నీకు భయమేసిందా?"

"లేదు."

"మరింకేంది. చూడాలని వచ్చింది, చూసి పోయింది." ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. "ఆ కల్లం ఎవరిదో?"

"కాలువ వంపు దగ్గర. నీలం పట్టా, సిమెంటు తొట్టి ఉన్నాయి."

"పద, పోయి అడుగుదాం."

"ఏమని అడుగుతాం?"

"చూశారా అని అడుగుతాం. అడిగితే తప్పా?"

మర్నాడు పొద్దున్నే అమ్మ స్కూటీ తీసింది. నేను వెనక కూర్చున్నాను. హెలికాప్టర్ నడిపేదాన్ని అయినా, స్కూటీ మీద అమ్మ నాకు హ్యాండిల్ ఇవ్వదు. కాలువ కట్ట మీద దుమ్ములో పోతుంటే, పైనుంచి నూలుపోగులా కనిపించిన దారి ఇదేనా అనిపించింది. కింద గతుకులున్నాయి, తుమ్మ కొమ్మలున్నాయి, ఎదురొచ్చే గేదెలున్నాయి. రెండు చోట్ల తప్పిపోయి, మూడో చోట ఆ తొట్టి కనిపించింది. పట్టా ఎండకి వెలిసిపోయింది. సీజను చివరి కాయలు కల్లంలో ఉన్నాయి. ఓ పక్క పందిరి కింద ఆడవాళ్ళు కూర్చుని, తెల్లబోయిన తాలు కాయల్ని ఏరి వేరే కుప్ప పోస్తున్నారు. ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. దిగీ దిగగానే నాకు వరసగా తుమ్ములొచ్చాయి.

అమ్మ వాళ్ళ పక్కనే చతికిలబడి తనూ కాయలు ఏరడం మొదలుపెట్టింది. ఎవరి అమ్మాయివి, ఏ ఊరు, ఎన్నెకరాలు, అన్నీ అయ్యాక అసలు మాట ఎత్తింది. "వదినా, పోయిన నెలలో ఇటు హెలికాప్టరు పోయింది, గుర్తుందా? అది నడిపింది మా అమ్మాయే."

అందరూ నా వైపు చూశారు. ఒక పెద్దావిడ ముక్కు మీద గుడ్డ కిందికి లాగి, "నువ్వేనా తల్లీ? నేను కొంగు ఊపాను, కనబడిందా?" అంది.

"కనబడిందండీ."

"చూశారా, కనబడిందంట," అని పక్కవాళ్ళతో అని, మళ్ళీ నాతో, "నీ వెనకాల పిల్లది వచ్చింది గదా, దాన్ని ఇక్కడే వదిలేసి పోయావేందమ్మా?" అంది.

"పిల్లదేమిటండీ?"

"తెల్లది. గొడ్డు వెనక దూడ వచ్చినట్టు మీ దాని వెనకే వచ్చింది. ఇదుగో, ఇక్కడ నిలబడింది." చేత్తో కల్లం నడిమధ్య చూపించింది. "మీరు దానికోసం మళ్ళీ వస్తారేమో అనుకున్నాం."

"యాడ వచ్చిందత్తా," అంది వయసులో ఉన్న ఇంకొకావిడ. "ఒకటే వచ్చింది. నేనూ చూశాను గదా. రెండోది లేదు."

"నువ్వు వంగి ఫోన్ తీస్తున్నావు ఫొటో కోసం. నీకేం కనబడుద్ది?"

"ఫొటోలో కూడా లేదు గదా."

"ఫొటోలో నీ వేలుంది. అదొక్కటే ఉంది."

అందరూ నవ్వారు. మూడో ఆవిడ, అప్పటిదాకా మాట్లాడనిది, కాయలు ఏరుతూనే నెమ్మదిగా అంది. "నేను పైకి చూడలా. ఎండ కళ్ళలో పడుద్దని. కానీ నీడ పడింది. చల్లగా ఉంది. ఆ కాసేపూ మాకెవరికీ ఘాటు తెలియలేదు. దగ్గులు ఆగిపోయినయ్. ఇదేందబ్బా అనుకున్నా."

ఎవరూ నవ్వలేదు. ఫోన్ ఆవిడ కూడా ఏదో గుర్తొచ్చినట్టు తల వంచుకుంది. "దగ్గులు ఆగిన మాట నిజమే," అంది చివరికి.

నేను లేచి కల్లం మధ్యకి నడిచాను. చెప్పులు విప్పి, కాయల మధ్య ఖాళీ చూసుకుంటూ వెళ్ళి నిలబడ్డాను. ఏమీ లేదు. నేల వేడిగా ఉంది, కాళ్ళు మండాయి. పైన ఆకాశం ఖాళీగా, లేత నీలంగా ఉంది. అయినా చాలాసేపు తలెత్తి నిలబడ్డాను. నాకు మోత దూరమైంది, వీళ్ళకి ఘాటు దూరమైంది. అది దగ్గరగా వస్తే, మనిషిని బాధించేది ఏదో ఆ కాసేపు పక్కకి జరుగుతుంది కాబోలు అనుకున్నాను. ఇది నా ఊహ. ఎక్కడా నిరూపించలేను.

అమ్మ నన్ను పిలవలేదు. ఎప్పుడూ అంతసేపు నన్ను ఊరికే వదిలిన మనిషి కాదు. తిరిగి వెళ్ళేటప్పుడు కాలువ కట్ట మీద స్కూటీ ఆపి, "నువ్వు కాసేపు నడుపు," అంది.

కెప్టెన్ అప్పటికే రిటైరై తన ఊరు చేరుకున్నాడు. ఆ సాయంత్రం ఫోన్ చేసి, కల్లంలో విన్నదంతా చెప్పాను. మోత తగ్గిన సంగతి కూడా అప్పుడే మొదటిసారి చెప్పాను.

"నాకు నడుం నొప్పి ఉండేది, తెలుసు కదా," అన్నాడు. "సీట్లో కూర్చున్నంతసేపూ ఉండేది. ఆ కాసేపు లేదు. మోత తగ్గిన సంగతి నాకు తెలియదు. నొప్పి లేకపోబట్టే దాన్ని రెండోసారి కూడా వంగి చూడగలిగాను." కాస్త ఆగి, "దూడ అన్నారా?" అని నవ్వాడు. ఆయన అలా గొంతు విప్పి నవ్వగా నేను విన్నది అదే మొదలు.

తర్వాత మూడు నాలుగు చోట్లకి బదిలీ అయ్యాను. ఆయన చెప్పినట్టే, కొత్త మెస్సులో అడుగుపెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ గుడ్డు కథ చెప్పమనేవారు. చెప్పేదాన్ని. కొందరు వెక్కిరించారు. కొందరు అందరూ వెళ్ళిపోయేదాకా ఉండి, తాము చూసినదేదో చెప్పుకున్నారు. వాటిని నేను ఇక్కడ రాయను. అవి వాళ్ళవి.

నేను చేరింది ఇన్నేళ్ళని ఒప్పందం మీద. అది ముగిశాక సర్వీసు నుంచి బయటికొచ్చి, ఇప్పుడు తాడేపల్లిలో ఉంటున్నాను. పల్లెల్లో ఆడవాళ్ళకి మందు కొట్టే డ్రోన్లు నడపడం నేర్పుతాను. మంగళగిరి దగ్గర ఒక ఖాళీ స్థలంలో క్లాసులు. పత్తి రైతులు, మిరప రైతులు, చేనేత ఇళ్ళ కోడళ్ళు, అందరూ వస్తారు. మొదటి రోజు రిమోట్ పట్టుకోవడానికే జంకుతారు. వారం తిరిగేసరికి గాలిని చూసి డ్రోన్‌ని ఎటు వంచాలో వాళ్ళకే తెలిసిపోతుంది.

ఈమధ్య బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టి కూర్చున్నప్పుడు, ఎవరో అడిగితే ఈ సంగతంతా చెప్పాను. చీరాల వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి చివరిదాకా విని, "మేడం, మీరు దాన్ని చూశారు సరే. అది మిమ్మల్ని చూసిందంటారా?" అని అడిగింది.

అధికారి అడగని ప్రశ్న అది. డాక్టరమ్మా అడగలేదు. కుడివైపు అద్దంలోంచి చూసిన ఆ క్షణాన్ని మళ్ళీ తలుచుకున్నాను. దానికి కళ్ళు లేవు, కిటికీ లేదు. అయినా, నేను తల తిప్పేసరికి అది నావైపు చూడటం అప్పటికే మొదలుపెట్టి చాలాసేపయినట్టు అనిపించింది.

"చూసిందనే అనుకుంటున్నాను," అన్నాను.

ఆ అమ్మాయి తలూపింది. ఛార్జర్ మీద పచ్చ లైటు వెలిగింది. బ్యాటరీ తీసి డ్రోన్‌లో బిగించి, గాలి ఎటు వీస్తోందో చూడటానికి ఇంత మట్టి తీసుకుని పైకి విసిరింది. దుమ్ము తూర్పుకి పోయింది. తుంపర మీద పడకుండా మేమందరం పడమటి గట్టు వైపు జరిగి నిలబడ్డాం.